అప్పుల మధ్య ఫైనాన్స్ కారును వదులుకోవడం: హైదరాబాద్ వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

కారును ఫైనాన్స్ కంపెనీకి తిరిగి ఇచ్చేస్తే అప్పు తీరిపోయినట్టేనా?

తీరదు. అప్పుల్లో ఉన్నవారిని ఎక్కువగా నష్టపరిచే అపోహ ఇదే. బ్యాంకు మీకు ఇచ్చింది కారు కాదు, డబ్బు. కారు ఆ డబ్బుకు తనఖా మాత్రమే, ఆర్‌సీ మీద హైపోథికేషన్ అని రాసి ఉండేది అందుకే. తాళాలు అప్పగించిన తరువాత కారు యార్డుకు చేరుతుంది, అక్కడ విలువ కడతారు, వేలం వేస్తారు, వచ్చిన సొమ్ములోంచి యార్డు అద్దె, తరలింపు ఖర్చు, వేలం ఖర్చు మినహాయించుకుని మిగిలినదాన్ని మీ బకాయిలో జమ చేస్తారు. ఆ తరువాత కూడా ఏమైనా మిగిలితే, కారు లేకుండానే ఆ బాకీ మీ పేరు మీద కొనసాగుతుంది. బకాయికి మించి సొమ్ము వస్తే ఎక్కువ వచ్చినది మీకే చెందుతుంది, కానీ వేలంలో అలా జరగడం అరుదు.

అలాంటప్పుడు కారును వదులుకోవడంలో అర్థం ఏముంది?

అర్థం ఉంది, అయితే అది ఏ దారిలో వదులుకుంటున్నారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. మీ ముందున్న దారులు మూడు: ఖాతా సక్రమంగా ఉండగానే మీరే కారును అమ్మి లోను మూసేయడం; కట్టలేమని చెప్పి మీ అంతట మీరే అప్పగించడం; వాయిదాలు తప్పిన తరువాత కంపెనీ మనుషులు వచ్చి తీసుకెళ్లడం. ధర విషయంలో మొదటిదానికీ మిగతా రెంటికీ చాలా తేడా ఉంటుంది. మీరు అమ్మితే కొనేవాడితో బేరమాడేది మీరు. యార్డులో వేలం వేస్తే ధర తెలిసేది అంతా అయిపోయాక వచ్చే కాగితంలో. రెండోదానికీ మూడోదానికీ తేడా ప్రధానంగా ఖర్చులలోనూ, మర్యాదలోనూ ఉంటుంది తప్ప, రెండు సందర్భాల్లోనూ మిగిలిన బాకీ మీదే. అందుకే, కారును వదులుకోక తప్పదని మనసుకు తెలిసిన రోజునే అమ్మకానికి పెట్టడం మేలని మా అభిప్రాయం. మూడు నెలలు ఎలాగో నెట్టుకొద్దామని చూసేవారికి ఆ మూడు నెలలే అన్నిటికన్నా ఖరీదైనవి అవుతాయి.

మూడేళ్లు వాయిదాలు కట్టాను. ఇప్పుడు అమ్మితే లోను మొత్తం తీరదా?

లెక్క వేసి చూద్దాం. 8 లక్షల రూపాయల లోను, 9.5 శాతం వడ్డీ, 7 ఏళ్ల కాలపరిమితి అనుకుంటే నెల వాయిదా సుమారు 13,075 రూపాయలు. మూడేళ్లలో మీరు కట్టినది 4 లక్షల 70 వేలకు పైమాటే అయినా, అసలులో తగ్గింది దాదాపు 2 లక్షల 80 వేలు మాత్రమే. ఇంకా సుమారు 5 లక్షల 20 వేలు మిగిలే ఉంటుంది. తొలి సంవత్సరాల వాయిదాల్లో వడ్డీ వాటా ఎక్కువగా ఉండటమే దీనికి కారణం. ఆ కారుకు 4 లక్షల 60 వేలు ధర పలికిందనుకుంటే, చేతి నుంచి 60 వేలు, దానిపై ముందస్తు ముగింపు రుసుము వేసుకోవాలి. స్థిర వడ్డీ లోనుకు ఈ రుసుము ఉండవచ్చు, కారు లోనుల్లో చాలా వరకు స్థిర వడ్డీవే కాబట్టి అగ్రిమెంటులో ఆ శాతం ఎంతో ముందే చూసుకోవాలి. వ్యక్తులు సొంత అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ (కాలాన్ని బట్టి మారే) వడ్డీ లోనులకు ఈ రుసుము వసూలు చేయకూడదు.

ఇన్సూరెన్స్ పాలసీ మీద ఉండే ఐడీవీని (బీమా కోసం కట్టిన కారు విలువను) చూసి అదే అమ్మకపు ధర అనుకోవద్దు. అది వాహనం వయసును బట్టి వేసే లెక్క. మూడు నుంచి నాలుగేళ్ల కారుకు 40 శాతం తరుగు, నాలుగు నుంచి ఐదేళ్ల కారుకు 50 శాతం తరుగు తీసేస్తారు. సంతలో ధర మోడల్‌ను బట్టి, తిరిగిన కిలోమీటర్లను బట్టి, ఎందరి చేతులు మారిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ లోటు సొమ్ము ఎక్కడి నుంచి తేవాలి? దానికి మళ్లీ అప్పు చేయమంటారా?

60 వేల లోటు కోసం 5 లక్షల 20 వేల అప్పును, దానితోపాటు నెల నెలా ఇన్సూరెన్స్, పెట్రోలు, సర్వీసింగ్, పార్కింగ్ ఖర్చును నెత్తిన ఉంచుకోవడం కన్నా, ఆ 60 వేలను చిన్న వాయిదాల్లో తీర్చుకునే ఏర్పాటు చేసుకోవడం చాలా సందర్భాల్లో మేలు. ఇంట్లో వాడకంలో లేని బంగారం ఉంటే దానిపై లోను, ఎత్తుకోవాల్సిన చీటీ దగ్గరలో ఉంటే ఆ సొమ్ము, వడ్డీ అడగని దగ్గరి బంధువు ఇచ్చే చేబదులు, ఇవి ఒకదాని తరువాత ఒకటి ఆలోచించదగినవి. క్రెడిట్ కార్డు మీద నగదు తీసి లోటు పూడ్చడం మాత్రం వద్దు. కార్డు బకాయి మీద నెలకు 3.5 శాతం అంటే ఏడాదికి 42 శాతం, మన లెక్కలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ఫోనులోని లోన్ యాప్‌ల జోలికి అసలే వెళ్లవద్దు. భవిష్య నిధిని ఖాళీ చేసి కారును నిలబెట్టుకోవాలనే ఆలోచన కూడా సరైనది కాదు. పీఎఫ్ ఖాతాలోని సొమ్మును అప్పులవాళ్లు కోర్టు ద్వారా కూడా జప్తు చేయించలేరు. చట్టం కాపాడుతున్న డబ్బును తీసి, ఏటేటా విలువ తగ్గే వస్తువులో పోయడం ఎందుకు?

హైపోథికేషన్ ఉన్న కారును చట్టబద్ధంగా అమ్మే పద్ధతి ఏమిటి?

మొదట మీ బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకోవాలి. అందులో ఫలానా తేదీ వరకు ఇంత కడితే లోను ముగుస్తుందని రాసి ఉంటుంది. తేదీ దాటితే మొత్తం మారుతుంది. కొనేవాడు ఆ మొత్తాన్ని మీ చేతికి కాకుండా నేరుగా లోను ఖాతాకే చెల్లించేలా ఒప్పందం రాసుకుంటే ఇద్దరికీ భరోసా. లోను మూతపడ్డాక బ్యాంకు ఎన్‌ఓసీనీ (అభ్యంతరం లేదన్న పత్రాన్నీ), ఫారం 35నీ ఇస్తుంది. ఫారం 35 హైపోథికేషన్ తొలగింపునకు, ఫారం 29, ఫారం 30 యాజమాన్య బదిలీకి. ఎన్‌ఓసీ మీద గడువు తేదీ ఉంటే అది దాటకముందే ఆర్టీఏలో సమర్పించాలి. ఖైరతాబాద్ అయినా, ఉప్పల్ అయినా, తిరుమలగిరి అయినా, మలక్‌పేట అయినా మీ చిరునామా ఏ ఆర్టీఏ పరిధిలోకి వస్తుందో ముందు చూసుకోండి. నగర రోడ్ల మీద పేరుకుపోయిన ఈ-చలానాలు బేరం చివరి క్షణంలో బయటపడి గొడవకు దారితీస్తుంటాయి, వాటిని మొదటే కట్టేయాలి.

లోను పూర్తిగా చెల్లించిన 30 రోజుల్లోగా బ్యాంకు పత్రాలను తిరిగి ఇవ్వాలనీ, నమోదైన చార్జీని తొలగించాలనీ రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాల్సి ఉంటుంది. ఈ సంగతి మర్యాదగా ఒక ఈమెయిల్‌లో గుర్తు చేస్తే, తిప్పించుకునే బ్రాంచిలు సైతం కదులుతాయి.

పాత కార్ల సంస్థకు అమ్ముతున్నట్లయితే ఆ సంస్థకు ఆర్టీఏ ఇచ్చిన అధీకృత డీలరు ధ్రువపత్రం ఉందా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, అలాంటి డీలరుకు ఫారం 29సీ ద్వారా కారు అప్పగించినట్లు తెలియజేస్తే, బదిలీ పూర్తయ్యే వరకు ఆ డీలరునే యజమానిగా పరిగణిస్తారు. ధ్రువపత్రం లేని బ్రోకరుకు తాళాలిచ్చి, సంతకం చేసిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి రావడం వల్ల వచ్చే చిక్కులు తరువాతి ప్రశ్నలో ఉన్నాయి.

తెలిసినవారు మిగతా ఈఎంఐలు తామే కడతామని, కారు తమకు ఇచ్చేయమని అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇవ్వవద్దు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న ఒప్పందం మీ ఇద్దరి మధ్యే. బ్యాంకుకు దానితో సంబంధం లేదు. అతను రెండు నెలలు కట్టి మూడో నెల మానేస్తే బౌన్సు పడేది మీ ఖాతాలో, సిబిల్ స్కోరు దిగేది మీది, రికవరీ ఏజెంటు తలుపు తట్టేది మీ ఇంటికి. అంతకన్నా పెద్ద ప్రమాదం రోడ్డు మీద ఉంటుంది. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. అమ్మేశామని, చేతులు మారిందని చెప్పినా ఆ బాధ్యత తొలగదు. పైగా తనఖాలో ఉన్న వాహనాన్ని చెప్పకుండా అన్యాక్రాంతం చేశారంటూ బ్యాంకు పోలీసు ఫిర్యాదు ఇచ్చే అవకాశమూ ఉంది. కావాలంటే అతన్ని బ్యాంకుకు తీసుకెళ్లి, అతని పేరు మీద కొత్త లోను మంజూరు చేయించి, మీ లోనును మూయించండి. అందుకు ఒప్పుకోని వ్యక్తి వాయిదాలు కడతాడని నమ్మడం కష్టం.

ఎన్ని వాయిదాలు తప్పితే పరిస్థితి చేయి దాటుతుంది?

ఒక్క వాయిదా తప్పిన రోజు నుంచే ఖాతా ఎస్‌ఎంఏ అనే ప్రత్యేక గమనింపులోకి వెళ్తుంది: 30 రోజుల లోపు ఎస్‌ఎంఏ-0, 60 రోజుల లోపు ఎస్‌ఎంఏ-1, 90 రోజుల లోపు ఎస్‌ఎంఏ-2. 90 రోజులు దాటితే అది మొండి బకాయి. వాయిదాల గడువు పెంచమని అడగాలన్నా, కారు అమ్ముకోవడానికి నెల రోజులు ఆగమని అడగాలన్నా ఆ గీతకు ఇవతల ఉండగా అడిగితేనే వింటారు. ఆలస్య రుసుము గురించి ఒక మాట: 2023 ఆగస్టులో వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, వాయిదా తప్పినందుకు వేసేది జరిమానా రుసుముగానే ఉండాలి, దాన్ని వడ్డీ రేటుకు కలపకూడదు, ఆ రుసుము మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. లోను స్టేట్‌మెంటులో ఈ వరుసను పరిశీలించి, తేడా ఉంటే రాతపూర్వకంగా అడగండి.

కారును మా అంతట మేమే అప్పగించాలని నిర్ణయించుకున్నాం. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

ఫోనులో చెప్పిన ఏ మాటకూ విలువ లేదని ముందుగా అనుకోండి. అప్పగించే ముందే, కారు తీసుకున్న తరువాత ఎంత కాలంలో అమ్ముతారో, అమ్మే ముందు మీకు నోటీసు ఇస్తారో లేదో, యార్డు ఖర్చు రోజుకు ఎంతో, మీరు కొనుగోలుదారుణ్ణి తీసుకొస్తే ఒప్పుకుంటారో లేదో ఉత్తరం ద్వారా అడిగి జవాబు తీసుకోవాలి. ఫైనాన్స్ కంపెనీల అగ్రిమెంటులో స్వాధీనానికి ముందు ఇచ్చే నోటీసు, అమ్మకానికి ముందు బాకీ తీర్చుకునేందుకు ఇచ్చే చివరి అవకాశం, వేలం పద్ధతి తప్పనిసరిగా ఉండాలని రిజర్వు బ్యాంకు నియమావళి చెబుతోంది.

అప్పగించే రోజున కారును అన్ని వైపుల నుంచీ ఫోటోలు, వీడియో తీసి, కిలోమీటరు రీడింగు, స్టెప్నీ, టైర్ల పరిస్థితి, మ్యూజిక్ సిస్టం వంటివన్నీ రాసిన జాబితా మీద వచ్చినవారి సంతకం తీసుకోవాలి. లోపల ఉన్న సామాను, డ్యాష్‌బోర్డులోని కాగితాలు, ఇంటి గేటు రిమోట్ సహా, తీసేసుకోవాలి. "పూర్తి తృప్తితో అప్పగిస్తున్నాను, మిగిలిన బాకీకి బాధ్యుణ్ణి" అన్న వాక్యం ముద్రించిన కాగితం ఇస్తే, లెక్క చూపకుండా ఆ రెండో భాగం మీద సంతకం పెట్టనని చెప్పవచ్చు. ఖాళీలు వదిలిన ఫారం మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం వద్దు.

రోడ్డు మీద ఆపి కారు తీసుకెళ్లిపోవచ్చా?

అగ్రిమెంటులో స్వాధీన హక్కు ఉంటే, వాయిదా తప్పిన వాహనాన్ని ఫైనాన్సరు స్వాధీనం చేసుకోవడానికి అడ్డు లేదని సుప్రీంకోర్టు 2006లో ఓరిక్స్ ఆటో ఫైనాన్స్ కేసులో చెప్పింది. అయితే 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో అదే కోర్టు, రౌడీలను పెట్టి బలవంతంగా వాహనాలు లాక్కోవడాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అంటే హక్కు ఉంది, దాన్ని వాడుకునే పద్ధతికి హద్దులూ ఉన్నాయి.

సీజింగ్ మనుషులు ఆపితే, గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం, నోటీసు ప్రతి చూపమనండి; ఈ మూడూ వెంట ఉంచుకోవడం బ్యాంకుల రికవరీ ఏజెంట్లకు తప్పనిసరి. అవి చూపకుండా తాళం లాక్కుంటే, కారులో ఆడవాళ్లు, పిల్లలు ఉండగా దించేస్తే, 100కు ఫోను చేసి దగ్గరి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. చేయి చేసుకోవద్దు, కారును ఊరవతల బంధువుల షెడ్డులో దాచవద్దు. ఈ రెండూ మీ పక్షాన ఉన్న న్యాయాన్ని చెడగొడతాయి. ఇక ఫోన్ల విషయానికొస్తే, ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత బకాయి కోసం ఫోను చేయకూడదు. బంధువుల ముందు, ఆఫీసులో పరువు తీసేలా మాట్లాడకూడదు. కాల్ రికార్డులు, మెసేజ్‌లు తుడిచేయకుండా దాచుకోండి.

వాయిదా బౌన్సయితే జైలుకు పంపిస్తారా?

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. కానీ చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద, ఆటో డెబిట్ తిరిగొస్తే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షను కింద కేసు వేసే వీలుంది. 138లో శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. నోటీసు అందిన 15 రోజుల్లోగా ఆ మొత్తం కడితే కేసు నిలవదు. అందుచేత పోస్టులో వచ్చిన నోటీసును తిప్పి పంపడం తెలివైన పని కాదు. మధ్యవర్తిత్వ నోటీసు కూడా అంతే. కంపెనీ తనంతట తానే ఏకైక మధ్యవర్తిని నియమించుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ అభ్యంతరం లేవనెత్తాలంటే ముందు నోటీసు తెరిచి చదవాలి. అవార్డు, అంటే మధ్యవర్తి తీర్పు, వచ్చాక సవాలు చేయడానికి మూడు నెలలే గడువు.

హామీ సంతకం పెట్టిన మా బావగారి మీద పడతారా?

పడవచ్చు. భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ముందు మిమ్మల్ని అడిగి, తరువాతే ఆయన దగ్గరికి వెళ్లాలన్న నియమం ఏదీ లేదు. భార్యాభర్తలు కలిసి తీసుకున్న లోనులోనూ ఇద్దరి సిబిల్ రికార్డూ దెబ్బతింటుంది. కారు విషయంలో నిర్ణయం తీసుకునే ముందు ఆయనకు చెప్పడం ధర్మం. వేరేవాళ్ల నోట వినాల్సి వస్తే ఆ బంధుత్వం మళ్లీ అతకదు.

జీతం జప్తు చేస్తారా?

కోర్టు డిక్రీ (బాకీ కట్టమన్న తీర్పు) ఉంటేనే. అప్పుడు కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోవడానికి వీల్లేదు. అయితే లోను, జీతం ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే, డిక్రీ అవసరం లేకుండానే ఖాతాలోని సొమ్మును బాకీకి సర్దుకునే హక్కు బ్యాంకుకు ఉండవచ్చు. జీతాన్ని వేరే బ్యాంకుకు మార్చుకోవడం తప్పు కాదు, ఆ పని బకాయి పడకముందే చేసుకోవాలి.

మిగిలిన బాకీని సెటిల్‌మెంటు చేసుకోవడం మంచిదేనా?

చేతిలో ఒకేసారి కట్టే సొమ్ము ఉంటే, వేరే దారి లేకపోతే, మంచిదే. కానీ రికార్డులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది. ఆ మాట చూసిన బ్యాంకు ఇంటి లోనుకు కూడా వెనకాడుతుంది. రిజర్వు బ్యాంకు 2023 జూన్ నిబంధనల ప్రకారం, రాజీ చేసుకున్న సంస్థ మీకు కనీసం 12 నెలల పాటు కొత్త అప్పు ఇవ్వకూడదు. సెటిల్‌మెంటు లేఖ చేతికి అందాకే డబ్బు కట్టాలి, కట్టాక బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. నాలుగు క్రెడిట్ సమాచార సంస్థల్లో ఒక్కోటీ ఏడాదికి ఒకసారి ఉచితంగా పూర్తి నివేదిక ఇస్తుంది. తప్పు ఉంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. చర్చలు ముందుకు సాగకపోతే సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో జరిగే లోక్ అదాలత్ ఒక మార్గం. న్యాయ సహాయం కోసం 15100కు ఫోను చేయవచ్చు.

అన్ని అప్పులూ కలిపి తీర్చలేనంత అయ్యాయి. ఐపీ (దివాలా పిటిషను) పెట్టమని సలహా ఇస్తున్నారు.

2016 నాటి దివాలా చట్టంలో సామాన్య వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీలకు హామీ ఇచ్చినవారి విషయంలో తప్ప, అమలులోకి రాలేదు. హైదరాబాద్‌లో నేటికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. దాని కింద పిటిషను వేసినా కారు మీద ఫైనాన్సరుకున్న తనఖా హక్కు పోదు. ఐపీ పెట్టి కారు ఉంచుకోవచ్చనుకోవడం పొరపాటు. పిటిషనుకు ముందు మూడు నెలల్లో ఒక అప్పులవాడికి మాత్రమే మేలు జరిగేలా ఆస్తి ఇచ్చినా, రెండేళ్ల లోపు ఊరికే బంధువుల పేరు మీదకు మార్చినా కోర్టు రద్దు చేయగలదు. కారును తమ్ముడి పేరు మీదకు మార్చేసి ఐపీ పెట్టమనే ప్లీడరు గుమస్తాల సలహా వినవద్దు. మా దృష్టిలో ఇది అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు, అనుభవమున్న లాయరుతో మాట్లాడి ఎంచుకోవాల్సిన మార్గం.

మాది క్యాబ్. అదే మా బతుకుదెరువు. మాకూ అమ్మేయమనే చెబుతారా?

తొందరపడి చెప్పలేం. సొంత కారు ఖర్చు పెట్టిస్తుంది, పసుపు నంబరు ప్లేటు కారు సంపాదించి పెడుతుంది. ముందు ఒక నెల ఆదాయంలోంచి ఇంధనం, కమీషను, పన్ను, ఇన్సూరెన్స్, మరమ్మతులు తీసేసి చూడండి. మిగిలినది ఈఎంఐకి సరిపోతూ, ఇతర అప్పులే ముంచుతుంటే, కారును వదలకుండా ఆ అప్పుల సంగతి చూడాలి. లోను కాలపరిమితి పెంచమని అడగాలి. ఈఎంఐకే సరిపోకపోతే మాత్రం కారు కూడా అప్పుల వరుసలో చేరినట్టే. అమ్మేటప్పుడు ఆర్‌సీతో పాటు పర్మిట్ బదిలీ కూడా జరగాలని మరిచిపోవద్దు.

కంపెనీ అన్యాయం చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. నోటీసు లేకుండా వేలం వేశారన్నా, మరీ తక్కువ ధరకు ఇచ్చేశారన్నా జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. లోన్ యాప్ పేరుతో మోసపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి.

కారు వెళ్లిపోయాక చేయాల్సిన చిన్న పనులు ఏమైనా ఉన్నాయా?

ఫాస్టాగ్ ఖాతా మూసి డిపాజిట్ వెనక్కి తీసుకోండి, లేకపోతే కొత్త యజమాని టోలు మీ ఖాతాలోంచి పోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ పత్రం తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే మరో కారుకు అది పనికొస్తుంది. బ్యాంకులో ఈఎంఐ ఆటో డెబిట్ ఆదేశాన్ని రద్దు చేయించి, ఇచ్చిన ఖాళీ చెక్కులు తిరిగి తీసుకోండి. నెల తరువాత ఆర్టీఏ రికార్డులో పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి. మారకపోతే కొన్నవారికీ, ఆర్టీఏకూ ఉత్తరం రాసి రసీదు దగ్గర ఉంచుకోండి.